వెనక సీటు నుంచి జవాబు

చల్లగదిలో రేకు వంగడం మొదలైంది.

వంగుతున్నట్టు కంటికి కనిపించదు. రెండు ఉక్కు దవడల మధ్య బిగించిన, విస్తరాకంత అల్యూమినియం రేకు అది. వెంట్రుక మందంలో ఏ కొంచెమో వంగడానికి దానికి చాలాసేపు పడుతుంది. పక్కనే స్టూలు మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. రెండు స్వెట్టర్లు, మంకీ క్యాపు, దాని మీద హెడ్‌ఫోన్లు. ఆయన పేరు కూర్మారావు. వైమానిక దళంలో పనిచేసి రిటైరైనవాడు. దగ్గకూడదు, తుమ్మకూడదు, కాలు మీద కాలు వేసుకోకూడదు అని ముందే చెప్పి కూర్చోబెట్టారు.

అద్దానికి ఇవతలి గదిలో నలుగురున్నారు. యంత్రాన్ని తయారుచేసిన డాక్టర్ సువర్చల తెర ముందు నిలబడి ఉంది. ఆమె వెనక కుర్చీలో గ్రూప్ కెప్టెన్ హబీబ్, ఆయన కూడా రిటైరైనవాడే, చేతికర్ర మీద గడ్డం ఆనించుకుని చూస్తున్నాడు. స్పీకరుకు దగ్గరగా దమయంతి, ఆమె కూతురు హైమవతి.

హైమవతి కోసమే ఇదంతా అనుకోవచ్చు. ఆమె ఇంకా తల్లి కడుపులో ఉండగానే, తండ్రి సార్జెంట్ తవిటినాయుడు ఎక్కిన విమానం బంగాళాఖాతం మీద కనిపించకుండా పోయింది. అప్పట్లో అందరి చేతుల్లో ఫోన్లు లేవు. పెళ్ళికి వీడియో తీయించారు గానీ అందులో సన్నాయి, డోలు తప్ప మాటలు లేవు. ఫొటోలున్నాయి, యూనిఫారం ఉంది. గొంతు లేదు. తండ్రి గొంతు ఎలా ఉంటుందో తెలియకుండానే ఆమెకు నడివయసు వచ్చింది. ఈ రోజు అది వినడానికి విజయనగరం నుంచి వచ్చింది.

రేకులోంచి వినడానికి ఒక్కసారే వీలుంది. ఎందుకు ఒక్కసారో ఇక్కడే చెప్పుకోవాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

ఇంట్లో ఒక స్టీలు గ్లాసు తీసుకోండి. వేళ్ళ కొసలతో పట్టుకుని, దాని నోటి దగ్గర మీ నోరు పెట్టి గట్టిగా "ఊ" అనండి. వేళ్ళకు జివ్వుమని తగులుతుంది. మాట గాలిని కదిలిస్తుంది, గాలి గ్లాసును కదిలిస్తుంది, అంతే. మీరు ఆపగానే గ్లాసూ ఆగిపోతుంది. దానికి ఏమీ గుర్తుండదు.

ఇప్పుడు ఆ లోహం లోపలికి వెళ్దాం. అందులో పరమాణువులు బడిలో ప్రార్థన వేళ పిల్లలు నిలబడ్డట్టు వరుసలు కట్టి ఉంటాయి. ఏ బళ్ళోనైనా వరుసలు పూర్తిగా తిన్నగా ఉండవు కదా. ఒకచోట ఒకడు తక్కువ, ఇంకోచోట ఒకడు మధ్యలో దూరి ఉంటాడు. లోహంలోనూ అలాంటి లోపాలుంటాయి. మాటలు తగిలినప్పుడు అందరూ కాస్త ఊగి, మళ్ళీ ఎవరి చోట్లో వాళ్ళు నిలబడతారు. కానీ లోహం బాగా చల్లబడి, తెగిపోయేంతగా వంగిన సమయంలో మాత్రం ఆ లోపాల దగ్గరివాళ్ళు ఊగినంత మేరా పక్కకు జరిగి, అక్కడే ఉండిపోతారు. ఒక్కో మాటకు ఒక్కో జరుగుడు. తడి సిమెంటు మీద కోడి నడిచి వెళ్ళినట్టు, తెగబోయే ముందు ఆ లోహం చుట్టూ వినిపించిన చప్పుడంతా దానిలో అచ్చు పడిపోతుంది.

సువర్చల కనిపెట్టింది ఆ అచ్చును చదివే పద్ధతి. రేకును మళ్ళీ అంతే చల్లబరిచి, మళ్ళీ అంతే మెల్లగా వంచితే, జరిగినవాళ్ళు జరిగిన క్రమంలోనే ఒక్కొక్కరూ తమ చోటికి తిరిగి వెళ్తారు. వెళ్తూ ఆనాటి కదలికనే, చాలా చిన్నగా, మళ్ళీ కదులుతారు. రేకుకు అంటించిన సెన్సర్ దాన్ని పట్టుకుని రికార్డు చేస్తుంది. ల్యాబులో అందరూ ఆ యంత్రాన్ని "చెవి" అనేవారు. దానికున్న చిక్కు ఒక్కటే. వాళ్ళు ఒకసారి తమ చోటికి వెళ్ళిపోయాక ఇక చదవడానికేమీ మిగలదు.

విశాఖపట్నం బీచ్ రోడ్డు ఒకసారి సముద్రంలోకి పోయి, ఇంకాస్త లోపలికి జరిపి కట్టిన తర్వాతి రోజులు అవి. భీమిలి దాటాక ఒక కొండ మీద సువర్చల ల్యాబు. వంతెనల రేకులు, గ్యాస్ పైపులు ఎందుకు తెగాయో తెలుసుకోవడానికి కంపెనీలు ఆమెకు పాత ముక్కలు పంపేవి. ఆ ముక్కల్లో ఆమెకు ఎక్కువగా వినిపించేది లారీల చప్పుడు. మనిషి గొంతు ఇంతవరకు ఒక్కసారే దొరికింది, ఎవరో వెల్డరు కూనిరాగం.

అలాంటి చోటికి హబీబ్, కూర్మారావు ఒక రేకును పాత దుప్పట్లో చుట్టి తెచ్చారు. మరబోటు వాళ్ళ వలలో చిక్కింది. దాని మీద సగం చెరిగిన నంబరు, తమ స్క్వాడ్రన్ గుర్తు ఉన్నాయి. తాము "గేదె" అని ముద్దుగా పిలుచుకున్న సరుకుల విమానం అది. తుఫాను రోజుల్లో దీవులకు మందులు తీసుకువెళ్తూ, లోపలున్న ఐదుగురితో పాటు మాయమైంది. అప్పుడు నెలల తరబడి వెతికినా ఒక్క మేకు కూడా దొరకలేదు.

"ఇది కాక్‌పిట్ పక్కన ఉండే రేకు," అంది సువర్చల, డ్రాయింగులు చూసి. "నలుగురు దీనికి దగ్గరగా కూర్చునేవారు. అవునా?"

"ఔ. కెప్టెన్ దేశికన్, కో-పైలట్, నావిగేటర్, ఇంజినీర్," అన్నాడు హబీబ్.

"ఐదో ఆయన?"

"వెనక." కూర్మారావు చెప్పాడు. "లోడ్‌మాస్టరమ్మా. సరుకు దగ్గర, వెనక తలుపు దగ్గర కూర్చునే మనిషి. మా తవిటి. నాదీ అదే పని. ఆ రోజు వాడి వంతు."

రేకు ల్యాబులో చల్లబడడానికి చాలా రోజులు పడుతుందని చెప్పి వాళ్ళను ఇంటికి వెళ్ళమంది సువర్చల. వాళ్ళు కదల్లేదు. వాళ్ళ స్క్వాడ్రనులో ఒక ఆచారం ఉంది. సహచరుడు పోతే, మట్టిలో పెట్టేదాకా, నిప్పు పెట్టేదాకా, అతన్ని ఒంటరిగా వదలరు. వంతులు వేసుకుని ఎవరో ఒకరు పక్కన కూర్చుంటారు. ఈ ఐదుగురివీ శవాలు దొరకలేదు. దొరికింది ఈ రేకే.

"రేకు ఎక్కడికీ పోదండి," అంది సువర్చల.

"పోదమ్మా, తెలుసు. ఒంటరిగా ఉండకూడదు, అంతే," అన్నాడు కూర్మారావు.

అలా ఆ ముసలివాళ్ళు ఫ్లాస్కులతో, బీపీ మాత్రలతో ల్యాబులో మకాం పెట్టారు. సువర్చల మొదట విసుక్కుంది. తర్వాత కూర్మారావు కబుర్లకు అలవాటుపడింది. ఆయన నోరు మూతపడదు. స్క్వాడ్రన్ వార్షిక సమావేశాల్లో మైకు ఆయన చేతికిస్తే భోజనాలు చల్లారిపోతాయని పేరు. హబీబ్ మాత్రం ఏదీ రెండుసార్లు చెప్పించుకోనిదే వినలేడు. ఆయన చెవుల్ని ఇంజిన్లు ఎప్పుడో తినేశాయి.

"మీకు వినబడదు, నాకు చెప్పకుండా ఉండబడదు. దేవుడు జోడీ బాగానే కుదిర్చాడు సార్," అనేవాడు కూర్మారావు.

"ఏమన్నవ్?"

"ఏం లేదు సార్, టీ తాగుతారా అన్నాను."

"అది వినబడ్డది. తే."

ఆ కబుర్లలోనే రెండో ఆచారం సంగతి సువర్చలకు తెలిసింది. వాన, గాలి ఎక్కువైనప్పుడు కెప్టెన్ ఒక్కొక్కరినీ వాళ్ళ స్థానం పేరుతో పిలుస్తాడు. బెల్టు బిగించుకుని క్షేమంగా ఉన్నామని వాళ్ళు జవాబు చెప్పాలి. ఏటా సముద్రం ఒడ్డున ఆ ఐదుగురి స్మారకం దగ్గర, కెప్టెన్ దేశికన్ పిలవాల్సిన పిలుపు హబీబ్ పిలుస్తాడు. చనిపోయిన ఒక్కొక్కరి తరఫున, అదే పని చేసి బతికినవాడు ఒకడు జవాబు చెబుతాడు. వెనక సీటును "రియర్ స్టేషన్?" అని పిలిస్తే, "రియర్ సెక్యూర్, సర్" అని పలికేది కూర్మారావు. విమానంలో సొంతంగా పలికిన ఏళ్ళ కంటే, తవిటినాయుడి తరఫున పలికిన ఏళ్ళే ఇప్పుడు ఎక్కువయ్యాయి.

దమయంతి ఆ కార్యక్రమానికి మొదటి ఏడాది మాత్రం వచ్చింది. చంటిపిల్లను ఎత్తుకుని, నీళ్ళ వైపు చూస్తూ నిలబడింది. కూర్మారావు జవాబు పలకగానే, దండ వేయకుండా వెళ్ళిపోయింది. తర్వాత ఎన్నిసార్లు పిలిచినా ఒకటే మాట. "ఆయన్ని పిలిస్తే ఇంకెవరో పలకడం నేను వినలేనండి." కూతుర్నీ పంపలేదు. రేకు దొరికిందని తెలిసి హైమవతే పట్టుబట్టి, తల్లిని కూడా తీసుకొచ్చింది.

విజయనగరం స్టేషన్లో రైళ్ళ ప్రకటనలు చేసే ఉద్యోగం హైమవతిది. మనుషుల గొంతుల సంగతి ఆమెకు బాగా తెలుసు. సువర్చల ఆమెకు దాపరికం లేకుండా చెప్పింది.

"మీ నాన్నగారు వెనక భాగంలో ఉన్నారు. ఆయన జవాబులు హెడ్‌సెట్ తీగల్లోంచి కెప్టెన్ చెవిలోకి వెళ్తాయి. ఈ రేకుకు తగిలి ఉండకపోవచ్చు."

"ఉండకపోవచ్చు అన్నారు. ఉండదు అనలేదు కదండీ?"

కూర్మారావు అందుకున్నాడు. "మీ నాన్నతో జాగ్రత్తమ్మా. వాడికి అన్నం దగ్గర తప్ప దేనికీ తొందరుండదు. వచ్చినా అందరికంటే ఆఖర్న వస్తాడు." హైమవతి నవ్వింది. దమయంతి కూడా, మొహం పక్కకు తిప్పుకుని, కొంచెం నవ్వింది.

చదివే రోజు వచ్చింది. చల్లగదిలో ఎవరూ ఉండకూడదంది సువర్చల. రేకును ఒంటరిగా వదిలేది లేదన్నారు హబీబ్, కూర్మారావు. వాదన చాలాసేపు నడిచింది. "ఊపిరి కూడా మెల్లగా తీసుకునేవాళ్ళయితే ఒక్కరు ఉండండి," అని చివరికి ఆమే దిగివచ్చింది. "రేకుకు అంటించిన సెన్సరుకి, లోపలి మాటా బయటి మాటా తేడా తెలీదు. ఏది తగిలినా అదే పట్టుకుంటుంది." అందుకని గదిలో విడిగా ఒక మైకు కూడా పెట్టింది. ఆమె తెర మీద రెండు గీతలు కదులుతాయి. పైది రేకు గీత, కిందిది గది గీత. కింది గీత తిన్నగా ఉన్నంతసేపూ, వినిపించేది రేకులోదే.

"వాగుడుకాయను లోపల పెడుతున్నం. అల్లా కాపాడాలె," అన్నాడు హబీబ్.

"నేను డ్యూటీలో ఉన్నప్పుడు ఎప్పుడైనా అనవసరంగా మాట్లాడానా సార్?" అంటూ కూర్మారావు మంకీ క్యాపు చెవుల మీదికి లాక్కుని లోపలికి వెళ్ళాడు.

మొదట వచ్చింది ఇంజిన్ల మోత. ఆ మోత వినగానే అద్దం అవతల కూర్మారావు వీపు నిటారైంది. కుర్చీలో హబీబ్ వేళ్ళు కర్ర మీద బిగుసుకున్నాయి. ఆయనకు మాటలు వినపడకపోయినా, ఆ మోత నేలలోంచి కాళ్ళకు ఎక్కింది. తర్వాత వాన. రేకు మీద గులకరాళ్ళు పోసినట్టు వాన. దాని వెనక, దుప్పటి కప్పుకుని మాట్లాడుతున్నట్టు, ఒక మనిషి.

"దేశికన్ సారేనా?" హబీబ్ అడిగాడు. అందరి మొహాలూ చూసి ఆయనే తల ఊపుకున్నాడు.

కెప్టెన్ గొంతులో తొందర లేదు. ముందు మేఘం గురించి నావిగేటర్‌తో రెండు మాటలు. ఎవరో టీ అడిగారు. ఇంకెవరో, "కింద పోయాక ఫ్రెష్‌గా తాగుదాం," అని హిందీలో అన్నారు. ఒక పెద్ద కుదుపు. ఏదో దొర్లింది. అప్పుడు కెప్టెన్ పిలవడం మొదలుపెట్టాడు.

"కో-పైలట్?"

"సెక్యూర్, సర్."

"నావిగేటర్?"

"సెక్యూర్."

"ఇంజినీర్?"

"సెక్యూర్, సర్. ఫ్లాస్కు కూడా సెక్యూర్." ఎవరో నవ్వారు. చచ్చిపోయిన మనిషి నవ్వు.

"రియర్ స్టేషన్?"

హైమవతి రెండు చేతులూ స్పీకరు మీద పెట్టింది. స్టీలు గ్లాసు పట్టుకున్నట్టు, వేళ్ళ కొసలతో.

"రియర్ సెక్యూర్, సర్."

స్పష్టంగా వచ్చింది. తక్కిన గొంతుల కంటే స్పష్టంగా. ఆ ఆఖరి "సర్" కిందికి దించి కాస్త సాగదీసిన తీరు కూడా తెలిసింది. హైమవతి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆ తర్వాత కెప్టెన్ మళ్ళీ పిలిచాడు. "రియర్ స్టేషన్? తవిటీ?" కాసేపు వాన తప్ప ఏమీ లేదు. "గుడ్. గట్టిగా పట్టుకుని కూర్చో," అన్నాడు. అంతే. దాని తర్వాత వచ్చిన చప్పుడు గురించి ఇక్కడ చెప్పుకోనక్కర్లేదు. అది ఎక్కువసేపు లేదు. స్పీకరు ఊరుకుంది.

"ఏమన్నడు? తవిటి పలికిండా?" హబీబ్ అడిగాడు.

"పలికారు సార్," అంది హైమవతి. "మా నాన్న పలికారు."

సువర్చల ఆమె వైపు తిరగలేదు. తెర మీద కింది గీత మొదట్నుంచి చివరిదాకా గీసినట్టు తిన్నగా ఉంది. ఒక్కచోట తప్ప. "రియర్ సెక్యూర్, సర్" అన్నంత మేర, ఆ ఒక్కచోటే, గుర్రం మెడలా పైకి లేచింది.

ఆమె చల్లగది తలుపు తీసుకుని లోపలికి వెళ్ళింది. కూర్మారావు స్టూలు మీద అలాగే ఉన్నాడు. హెడ్‌ఫోన్లు మెడలోకి జారాయి.

"అమ్మా, నేను..."

"తెలుసండి."

"కావాలని కాదమ్మా. సార్ పిలిచారు. రియర్ అన్నారు. నోరు దానంతటదే పలికేసింది. ఇన్నేళ్ళూ ఆ పిలుపుకి నేనే కదా పలుకుతున్నాను." ఆయన పళ్ళు టకటకలాడుతున్నాయి. "తవిటిది వచ్చి ఉంటే, దాని మీద నేను మాట్లాడేశానా? చెరిపేశానా?"

"లేదు. ఆయన మాట రేకులో లేదు. తీగలోనే పోయింది. మీరు పలకకపోతే అక్కడ ఖాళీ ఉండేది."

"పోన్లే. అదొక్కటి మంచిది." లేచి నిలబడడానికి గోడ పట్టుకున్నాడు. "పదమ్మా. నేనే చెప్తాను. ఇప్పుడు చెబితే చిన్న దెబ్బ. రేపు చెబితే పెద్దది."

ఆ మాట నిజమే. ఆయన తలుపు దాకా ఆ మాటతోనే వచ్చాడు. కానీ తలుపు దగ్గర హైమవతి ఎదురొచ్చి, మంచులా ఉన్న ఆ చేతులు రెండూ పట్టేసుకుంది.

"మావయ్యా, విన్నారా? ఎంత బాగా చెప్పారో. భయం లేదు. ఒక్క పిసరు భయం లేదు ఆ గొంతులో. చిన్నప్పట్నుంచీ నాకదే బెంగ, మా నాన్న ఎంత భయపడిపోయారో అని. వెనకాల ఒక్కడూ కూర్చుని..." ఆమె ఏడుస్తూనే నవ్వింది. "ఆయన గొంతు నిజంగా అలాగే ఉండేదా? చెప్పండి. మీరు విన్నారు కదా."

కూర్మారావు నోరు తెరిచాడు.

ఒక్క సంగతి ఆలోచించండి. ఆమె ఉద్యోగమే గొంతులతో. ఆ రెండు మాటలు ఇంకా ఆమె చెవిలో వెచ్చగా ఉన్నాయి. ఆ నోట్లోంచి ఏ మాట వచ్చినా, నిజం వచ్చినా, అబద్ధం వచ్చినా, గొంతు అదే.

ఆయన నోరు మూసుకుని తల ఊపాడు.

"ఆయన్ని మాట్లాడించకే," అంది దమయంతి వెనక నుంచి. "చలికి బిగుసుకుపోయారు. ముందు వేడిగా ఏదైనా పట్టించండి."

సువర్చల ఏం చేసిందని అడగవచ్చు. ఆమె తన పరిశోధన వ్యాసంలో ఉన్నదున్నట్టు రాసింది. ఆ రేకులో నాలుగు గొంతులు దొరికాయని, ఐదోది చదివే సమయంలో గదిలోంచి చేరిందని, గీతలతో సహా అచ్చు వేయించింది. అది అచ్చయిన పత్రిక చదివేది ప్రపంచం మొత్తం మీద లోహాల మీద పనిచేసేవాళ్ళు కొందరు. స్మారకం దగ్గరికి వచ్చేవాళ్ళలో ఒక్కరూ లేరు. హైమవతికి ఫోన్ చేసి చెప్పాలని ఆమె అనుకోకపోలేదు. ముందు కూర్మారావును అడగాలని ఆయనకు ఫోన్ చేసింది. ఫోన్ ఎత్తలేదు. "వద్దమ్మా" అని మెసేజ్ పెట్టాడు.

ఆయన ఫోన్లు ఎత్తడం మానేశాడు. వీధిలో, ఇంట్లో మామూలుగానే ఉండేవాడు. స్క్వాడ్రన్ వాళ్ళ మధ్యకు వస్తే మాత్రం గొంతు చూపించి చెయ్యి ఊపేవాడు. ఎందుకంటే ఇప్పుడు హైమవతి అక్కడికి వస్తోంది. పుట్టిల్లు దొరికినట్టు ప్రతిదానికీ వస్తోంది. కూర్మారావుకు ఆ జబ్బేమిటో తేల్చాలని ఆమే విశాఖపట్నంలో పెద్ద డాక్టరుకు చూపించింది. గొంతులో కెమెరా పెట్టి చూసి, ఏమీ లేదన్నాడు డాక్టరు. ఆమె నమ్మలేదు. మిరియాలు, తేనె సీసాలో పోసి తెచ్చేది.

"మీరు మాట్లాడితే ఎన్ని సంగతులు తెలిసేవి మావయ్యా, మా నాన్నవి," అనేది. ఆయన తేనె నాకి తల ఊపేవాడు. ఆమె బ్యాగులో ఉన్న ఫోన్లో ఆయన గొంతు ఉంది. రోజూ డ్యూటీ ఎక్కే ముందు చెవికి పెట్టుకుని అది వింటుందని ఆయనకు తెలుసు.

స్మారకం దగ్గర ఆచారం కూడా మారింది. ఇప్పుడు హబీబ్ పిలవడు, ఎవరూ ఎవరి తరఫునా పలకరు. రికార్డింగు వేస్తారు. చనిపోయినవాళ్ళే పిలుచుకుంటారు, చనిపోయినవాళ్ళే పలుకుతారు. అది గొప్పగా ఉందని వచ్చినవాళ్ళంతా అన్నారు. పాతవాళ్ళు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డారు. ఒకాయన మాత్రం, "తవిటి గొంతు అచ్చం నీలా ఉందిరా కూర్మం," అన్నాడు. పక్కాయన కసిరాడు. "లోడ్‌మాస్టర్లందరూ అంతే పలుకుతారు. ట్రైనింగులో అలాగే నేర్పుతారు, మర్చిపోయావా?" హబీబ్ ఏదీ వినలేదు. స్మారక స్తంభం మీద అరచెయ్యి పెట్టి, ఇంజిన్ల మోత వచ్చినంతసేపు కళ్ళు మూసుకున్నాడు.

ఆ ఏడాది కాక మరుసటి ఏడాది, ఉదయం ఎండ ఇంకా ముదరకముందు, కూర్మారావు స్మారకానికి కొంచెం దూరంగా సిమెంటు బల్ల మీద కూర్చున్నాడు. హైమవతి అందరికీ టీ తేవడానికి బండి దగ్గరికి వెళ్ళింది. దమయంతి వచ్చి బల్లకు రెండో చివర కూర్చుంది.

"మీరు తొందరపడ్డారు అన్నయ్యగారూ," అంది.

కూర్మారావు ఆమె వైపు తిరిగాడు.

"ఆయన ఒక పిలుపుకి పలికే మనిషేటి? అన్నానికి పిలిచినా రెండోసారి పిలిస్తేనే 'ఆఁ' అనేవారు. మీరేమో మొదటిదానికే పలికేశారు."

ఆయన చెయ్యి నోటి దాకా వచ్చి ఆగింది.

"మొదటి ఏడాది ఇక్కడే విన్నాను కదా, మీరు చెప్పడం. మర్చిపోతానేటి? ఆ రోజంతా మీ మీద కోపమే." చీర కొంగు గాలికి లేస్తుంటే ఒడిలోకి లాక్కుంది. "ఆ ల్యాబులో మళ్ళీ విన్నాను. ఇంతలో పిల్ల మొహం చూశాను. ఇంకేటి అనగలను?"

స్పీకర్లు సరిచేస్తున్న కుర్రాళ్ళు రికార్డింగును మధ్యలో పెట్టి చూసుకుంటున్నారు. ఫ్లాస్కు మాట, నవ్వు వచ్చాయి. తర్వాత పిలుపు. తర్వాత కూర్మారావు జవాబు. దమయంతి వేలు పైకెత్తింది, పిల్లల్ని ఊరుకోమన్నట్టు.

"ఇప్పుడు వినండి. కెప్టెన్‌గారు రెండోసారి పిలుస్తారు."

"రియర్ స్టేషన్? తవిటీ?" అన్నాడు కెప్టెన్. వాన. వాన తప్ప ఏమీ లేదు. "గుడ్," అన్నాడు కెప్టెన్.

"అదిగో," అంది దమయంతి. "ఆయన అక్కడున్నారు. పలక్కపోతే కెప్టెన్‌గారు గుడ్ ఎందుకంటారు? నేను ఆ ఖాళీ కోసమే వస్తున్నాను. మీరు పలికింది అమ్మాయిది. అది దాన్ని ఉంచుకోనివ్వండి."

ఈ సముద్రం దగ్గర కూర్మారావు మాట్లాడి రెండేళ్ళయింది. గొంతు సవరించుకున్నాడు. "అమ్మా..." అన్నాడు. మాట పూర్తిగా, గట్టిగా, ఎప్పటిలాగే వచ్చింది.

"ష్," అంది దమయంతి. "పిల్ల వస్తోంది."